‘అన్నీ నేనే చూసుకోవాలి’ అనే టెన్షన్ నుంచి పది నిమిషాల విరామం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా అలవాటు చేసుకోవాలి

ఆగస్టు వచ్చిందంటే మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింద పొలమున్న వాళ్ల ఫోన్లలో ఒకటే లెక్క తిరుగుతుంటుంది. ఆల్మట్టి నుంచి ఎంత వదిలారు, జూరాలకు ఎంత వచ్చింది, శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులకు ఇంకా ఎంత తక్కువుంది, సాగర్ 590 ఎప్పుడు అందుకుంటుంది. నారు ఎప్పుడు పోయాలో తేల్చుకోవడానికి పొద్దున ఒకసారి చూస్తే చాలు. కానీ అన్నం తింటూ చూస్తారు, పడుకునే ముందు చూస్తారు, రాత్రి మెలకువ వస్తే మళ్లీ చూస్తారు. ఎన్నిసార్లు చూసినా ఒక్క క్యూసెక్కు పెరగదు. అయినా చూడకపోతే మనసు ఊరుకోదు.

ఇంట్లో ఆడవాళ్ల కాపలా ఇంకో రకం. హాస్టల్లో బిడ్డ తిన్నదో లేదో, పని కోసం పుణె పోయిన మనిషి బస్సు దిగాడో లేదో, అత్తమ్మ బీపీ గోళీ వేసుకుందో లేదో, పొద్దున నల్లా వస్తుందో రాదో. చేతిలో పని లేనప్పుడు కూడా ఈ లెక్కలు నడుస్తూనే ఉంటాయి. మహిళా సంఘాల పని మీద ఊళ్లు తిరుగుతూ నేను గమనించింది ఇదే: మన దగ్గర చాలామందిని పని కంటే ఈ కాపలానే ఎక్కువ అలసగొడుతోంది. మధ్యాహ్నం గంటసేపు పడుకుని లేచినా ‘పానం తేలిక కాలేదు’ అనడానికి కారణం కూడా ఇదే. ఒళ్లు పడుకుంది, కాపలా పడుకోలేదు.

ఆ కాపలా నుంచి రోజుకు కొన్ని నిమిషాలు దిగి, మళ్లీ ఎక్కడం ఎలాగో ఇక్కడ వివరంగా చెబుతాను. బాధ్యతలు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని వదలమని ఎవరికీ చెప్పను.

ఇది మనలో ఎందుకింత పాతుకుపోయింది

మన నేల మీద బతికిన వాళ్లకు ఇది ఊరికే రాలేదు. బోరు ఎప్పుడు ఎండుతుందో తెలియదు, వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియదు. పాలమూరు నుంచి వలస పోయిన వాళ్లు ఎట్లున్నారో ఉత్తరం వస్తే గానీ తెలియని రోజులు ఉండేవి. కన్ను మూస్తే నష్టపోయిన అనుభవం ఉన్న చోట మనసు కన్ను తెరుచుకుని ఉండడమే నేర్చుకుంటుంది. ఇందులో మన తప్పేమీ లేదు.

రాత్రి ఏ వేళకో వచ్చే కరెంటు కోసం మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్న కాలం గుర్తుండే ఉంటుంది. మనం నిద్రలో ఉన్నా కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, ఆటో స్టార్టర్లు తీసేయండి, అవసరం లేకున్నా మోటార్లు నడిచి భూమిలో నీళ్లు అడుగంటుతాయి అని అధికారులు ఊరూరా చెప్పారు. మన లోపల కూడా అలాంటి స్టార్టర్ ఒకటి ఉండిపోయింది. మోటారు తీసేయాల్సిన పని లేదు. అవసరం లేని వేళ దాన్ని చేత్తో ఆపడం నేర్చుకుంటే చాలు.

మొదటి అడుగు: ఎక్కడెక్కడ కాపలా కాస్తున్నారో పట్టుకోండి

రెండు మూడు రోజులు గమనించండి. పాల చీటీ వెనకాల రాసుకున్నా సరిపోతుంది. ఏం రాయాలంటే, ఒకే ప్రశ్న ఎవరిని రెండోసారి అడిగారు, ఏ నంబరుకు మళ్లీ ఫోన్ చేశారు, ఇతరులు చేసిన ఏ పనిని మళ్లీ మీరు సర్దారు. ఒళ్లు కూడా చెబుతుంది. పళ్లు బిగుసుకుంటాయి, భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి సగంలో ఆగుతుంది. ఎక్కువమందికి ఇది ఏదో ఒక వేళకు ముదురుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చే ముందు కొందరికి, దీపాలు పెట్టే వేళ కొందరికి. ఆ వేళ ఏదో తెలిస్తే చాలు, ఇంతకు మించి లోతుకు పోనక్కర్లేదు.

రెండో అడుగు: వదలగలిగింది ఏది, వదలకూడనిది ఏది

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇది. ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘వచ్చే పది నిమిషాల్లో నేను చూస్తుంటే ఏమన్నా మారుతుందా?’

మారుతుంది అంటే విరామం ఇప్పుడు వద్దు, ముందు ఆ పని చూడండి. పాకే పిల్లాడు నీళ్ల సంపు దగ్గరుంటే, పొయ్యి మీద నూనె కాగుతుంటే, స్టార్టర్ డబ్బా మూత తెరిచి ఉంటే, ఇన్సులిన్ వేసుకునే టైమైతే, బండి నడుపుతుంటే కాపలా ఉండాల్సిందే. మారదు అంటే అది విరామానికి పనికొచ్చే విషయం.

వడ్ల కాలంలో కొనుగోలు సెంటర్‌కు పోయి చూస్తే ఈ తేడా కళ్ల ముందే కనబడుతుంది. తేమ 17 శాతానికి దిగితే గానీ కాంటా పెట్టరు. అందుకని పొద్దంతా వడ్లు ఆరబోసి, కాళ్లతో సాళ్లు తీస్తూ తిప్పుతారు. మిషన్ 19 చూపిస్తే మళ్లీ తిప్పుతారు. ఇదంతా మనిషి చేతిలో ఉన్న పని. ఇంతలో పడమర నల్లబడుతుంది. ఒక సాయంత్రం ఒకామె రాశి మీద టార్పాలిన్ కప్పింది, చుట్టూ తిరిగి అంచుల మీద రాళ్లు పెట్టింది. ఆ తర్వాత కూడా నిలబడి ఆకాశం వైపే చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని, ప్రతి రాయినీ కాలితో మళ్లీ మళ్లీ నొక్కుతోంది. పక్క రాశి దగ్గరున్న ముసలాయన పిలిచాడు.

‘కప్పినవ్ గద బిడ్డా. రాళ్లు బెట్టినవ్. ఇగ మొగులు పని మొగులు జేసుకుంటది. గీడ కూసో జరసేపు.’

‘గాలొస్తే ఎట్ల తాతా?’

‘గాలొస్తే లేద్దాం. ఇంకా రాలే గద.’

ఆమె కూర్చుంది. ఈ మార్గదర్శి అంతా ఆయన మాటల్లోనే ఉంది: చేయాల్సింది చేసెయ్యి, మిగిలింది నీ చేతిలో లేదని ఒప్పుకో, అవసరమైతే లేవడానికి సిద్ధంగా ఉండి, అప్పటిదాకా కూర్చో.

ఒక హెచ్చరిక. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే, తాగొచ్చి గొడవ చేసేవాళ్లు ఉంటే, మీ అప్రమత్తత మిమ్మల్నీ పిల్లల్నీ కాపాడుతోంది. దాన్ని తగ్గించుకోమని చెప్పడం అన్యాయం. అక్కడ కావాల్సింది సాయం. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

మూడో అడుగు: ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు

విరామానికి గట్టు ఉండాలి. ‘ఇవాళ ఏమీ పట్టించుకోను’ అనుకుంటే మనసు భయపడి ఒప్పుకోదు. ‘అయిదు నిమిషాలు’ అంటే ఒప్పుకుంటుంది. మొదటి వారం అయిదు, తర్వాత పది. ఫోన్‌లో అలారం పెట్టి, దాన్ని చెయ్యి అందని చోట బోర్లించి పెట్టండి. టైం చూసే పని అలారానిది.

ఇంట్లో ముందే చెప్పండి. చెప్పకుండా అరుగు మీద ఊరికే కూర్చుంటే ‘ఏమైందే, పానం మంచిగ లేదా?’ అని ముగ్గురొచ్చి అడుగుతారు. వాళ్లకు జవాబు చెప్పడంతోనే విరామం అయిపోతుంది. ‘పది నిమిషాలు నన్ను పిలవకుండ్రి, తర్వాత వస్త’ అంటే చాలు, వివరాలు అక్కర్లేదు. మొదట వింతగా చూస్తారు, తర్వాత అలవాటు పడతారు.

చోటు ఏదైనా పర్వాలేదు. డాబా మీద, గొడ్ల కొట్టం దగ్గర, ఆఫీసు మెట్ల మీద. నల్లగొండ వాళ్లకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర్లోనే ఉంది. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడను చూస్తూ కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. రోజూ అంత దూరం కుదరని వాళ్లకు ఆర్టీసీ బస్సు ఉంది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు జడ్చర్ల దాటాక ఫోన్ సంచిలో వేసి, బాలానగర్ వచ్చేదాకా తీయకండి. బస్సు నడిపే పని డ్రైవర్‌ది, టికెట్ల పని కండక్టర్‌ది. మీరు చూసుకోవాల్సింది ఏదీ లేని అరుదైన వేళ అది. దాన్ని ఫోన్లతో నింపేయడం నాకు చాలా నష్టంగా అనిపిస్తుంది.

నాలుగో అడుగు: ముందు ఒళ్లు వదలాలి

మనసుకు ‘ఊరుకో’ అని చెబితే వినదు. ఒళ్లు వదులైతే మనసు దాని వెంట వస్తుంది. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా కొంచెం తగ్గుతుంది. అందుకే వదలడం పీల్చడం కంటే పొడుగ్గా ఉండాలి. పది సార్లు చాలు. తల తిరిగినట్టుంటే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోండి.

ఊపిరితో కుదరని వాళ్లకు ఇంకో దారి. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు 1920ల్లోనే కండరాలను బిగించి వదిలే పద్ధతిని తయారుచేశాడు. రెండు పిడికిళ్లూ అయిదు సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేయండి. బిగింపుకూ వదులుకూ ఉన్న తేడాను గమనించండి. తర్వాత భుజాలు, తర్వాత దవడ. నొప్పి ఉన్న చోట మాత్రం బిగించకండి.

అయిదో అడుగు: అప్పగించండి

ఇప్పుడు ఒక మాట పెదవి కదిలేలా అనండి: ‘ఆరున్నర దాకా ఇది నా పని కాదు.’ టైం పేరు చెప్పడం ముఖ్యం, ఎందుకంటే ఆరున్నరకు మళ్లీ మీదే అని మనసుకు నమ్మకం దొరుకుతుంది. దేవుణ్ణి నమ్మేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. చెర్వుగట్టు రామలింగేశ్వరుడి మీదో, కురుమూర్తి స్వామి మీదో భారం వేస్తారు, అల్లా మీద భరోసా పెడతారు. ఆ మాట అన్నాక ఫోన్ కూడా పక్కన పెడితేనే భారం నిజంగా దిగుతుంది.

మిగిలిన నిమిషాల్లో ఏం చేయాలి అని అందరూ అడుగుతారు. ఏ నిర్ణయమూ అక్కర్లేని పని ఏదైనా చేయండి. నాకు నచ్చింది బత్తాయి. నల్లగొండలో దానికి కరువు లేదు. పైన కత్తితో చిన్న గాటు పెట్టి, తొక్క మెల్లగా తీయండి. తీసేటప్పుడు తొక్కలోంచి సన్నటి నూనె చిమ్ముతుంది, వేళ్లకు అంటుకుంటుంది, వాసన ముక్కులోకి ఘాటుగా వస్తుంది. తెల్లటి పొరను నారలు నారలుగా లాగండి. ఒక్కో తొన విడదీసి, గింజలు తీసి, నోట్లో పెట్టుకుని రసం అయిపోయేదాకా రెండోది ముట్టకండి. ఒక కాయకు పది నిమిషాలు సులువుగా పడతాయి. షుగర్ ఉన్నవాళ్లు కాయ బదులు మల్లెలు మాల కట్టవచ్చు, కోళ్లు గింజలు ఏరుకోవడం చూడవచ్చు.

రీల్స్ చూడటం మాత్రం ఇందులో లెక్కకు రాదు. ఫోన్ చేతిలో ఉంటే మెసేజ్ వచ్చిందేమో అని కన్ను పైకి పోతూనే ఉంటుంది.

ఆరో అడుగు: ఆలోచన వస్తే తోసేయకండి

రెండో నిమిషంలోనే వస్తుంది, తప్పకుండా. ‘చిట్టీ డబ్బులు ఎవరు కట్టాలి’ అనో, ‘పెద్దోడు బండి మెల్లగా నడుపుతున్నాడా’ అనో. దాన్ని బలవంతంగా తోస్తే ఇంకా గట్టిగా వస్తుంది. అమెరికాలో డానియెల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ఒక ప్రయోగం ప్రచురించాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని కొందరికి చెప్పి చూస్తే, వాళ్లకు అదే మాటిమాటికీ గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆలోచించవచ్చు అనగానే, మొదటి నుంచీ ఆలోచించమన్న వాళ్ల కంటే వీళ్లే ఎక్కువగా ఆలోచించారు.

కాబట్టి వచ్చిన ఆలోచనను చీటీ మీద ఒక్క మాటగా రాసి పక్కన పెట్టండి. ‘చిట్టీ’. ‘బండి’. అంతే. వాటిని ఎప్పుడు చూడాలో ముందే అనుకోండి. థామస్ బోర్కొవెక్, ఆయన తోటి పరిశోధకులు 1983లో చూపిన పద్ధతి ఇది: దిగులు పడటానికి రోజూ ఒకే టైం, ఒకే చోటు, అరగంట కేటాయించి, మిగతా వేళల్లో వచ్చిన దిగుళ్లను ఆ అరగంటకు వాయిదా వేయడం. అలా చేసిన వాళ్లకు రోజు మొత్తంలో దిగులు తగ్గింది. సాయంత్రం ఆరు ఆరున్నర మధ్య ఒక కుర్చీలో కూర్చుని ఆ చీటీ తీయండి. మంచం మీద మాత్రం వద్దు, నిద్ర చెడుతుంది. చాలాసార్లు చీటీలో సగం మాటలు అప్పటికే తీరిపోయి ఉంటాయి. మిగిలిన వాటికి ఎవరితో మాట్లాడాలో, ఎప్పుడు చేయాలో రాసుకోండి.

ఏడో అడుగు: ‘ఒక్కసారి చూసొస్తా’ అనిపించినప్పుడు

అసలు కష్టం ఇక్కడే. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా, వాడు ఫోన్ ఎందుకు ఎత్తలేదు. లేచి చూస్తే గుండె కుదుటపడుతుంది, నిజమే. కానీ అది కాసేపే. నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో దీన్ని పరీక్షించారు. కంప్యూటర్ మీద గ్యాస్ పొయ్యి బొమ్మ పెట్టి, కొందరితో దాన్నే మళ్లీ మళ్లీ చెక్ చేయించారు. అలా చేసిన వాళ్లకు తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం తగ్గింది. చివరిసారి చూసింది మసకగా గుర్తుంది. అంటే ఎన్నిసార్లు చూస్తే అంత అనుమానం.

అందుకని చూసే ఆ ఒక్కసారి నిండుగా చూడండి. రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టి ‘కట్టేసిన’ అని బయటికి అనండి. ఆ తర్వాత అనుమానం వస్తే లేవకండి. ఛాతీలోనో కడుపులోనో ఎక్కడ పట్టేసినట్టుందో అక్కడ గమనిస్తూ, ఊపిరి మెల్లగా వదులుతూ కూర్చోండి. ఆ తహతహ పెరుగుతుంది, ఒక దశకు చేరుతుంది, మీరు ఏమీ చేయకపోయినా తగ్గడం మొదలవుతుంది. అది దానంతటదే తగ్గడం ఒక్కసారి కళ్లారా చూస్తే తర్వాత ధైర్యం వస్తుంది. మొదటి రోజుల్లో టెన్షన్ కాస్త ఎక్కువైనట్టు అనిపించడం మామూలే. ఏళ్ల అలవాటు కదా, ఊరికే పోదు.

ఎనిమిదో అడుగు: బయటికి రావడం

అలారం మోగగానే ఫోన్ మీద పడకండి. లేచి నిలబడి, గ్లాసెడు నీళ్లు తాగి, అప్పుడు తీయండి. పోయిన పది నిమిషాలకు కలిపి రెండింతలు చెక్ చేయడం వద్దు. ఏ రోజైనా విరామం కుదరకపోతే మర్నాడు చేయండి. సరిగ్గా చేశానా లేదా అని లెక్కలు రాసుకోవడం మొదలుపెడితే అది కూడా ఇంకో కాపలా అవుతుంది.

తొమ్మిదో అడుగు: ఒక చిన్న పని పూర్తిగా వేరొకరికి

పది నిమిషాల విరామం అలవాటయ్యాక దీనికి రండి. వారంలో ఒక పని ఎంచుకోండి. పాడైనా పెద్ద నష్టం లేనిది కావాలి. ఆదివారం పప్పు ఆయన వండాలి అనుకుందాం. ‘పన్నెండున్నరకల్లా నలుగురికి పప్పు’ అని మాత్రం చెప్పండి. ఎట్లా చేయాలో అడిగితేనే చెప్పండి. తాలింపు వాసన వస్తుంటే వంటింటి గడపలో నిలబడొద్దు, పక్కింటికి పోయి రండి. ఉప్పు తక్కువైతే పైన చల్లుకుని తినండి. చింతపండు ఎక్కువైతే మజ్జిగ ఉంది. తిన్నాక గిన్నెలు మళ్లీ మీరే కడిగి, పొయ్యి మళ్లీ మీరే తుడిస్తే ఆయన వచ్చే వారం చెయ్యడు. ఎందుకు చేస్తాడు, తన పని ఎట్లాగూ లెక్కలోకి రాలేదు కదా.

మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కొడుక్కి ఒక మడి నీళ్లు కట్టే పని ఇస్తే గట్టు మీద నిలబడి పారను చూపిస్తూ చెప్పకండి. చేనుకు పురుగుల మందు కొట్టడం, మోటారు వైర్లు ముట్టడం లాంటివి మాత్రం నేర్పకుండా వదలకూడదు. అవి రెండో అడుగులో చెప్పిన వదలకూడని పనుల్లోకి వస్తాయి.

దూరంలో ఉన్నవాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. పుణె పోయే మనిషికి ‘చేరినంక ఒక్క మెసేజ్ పెట్టు, మధ్యల నేను చెయ్య’ అని చెప్పండి. హాస్టల్లో ఉన్న బిడ్డతో ఫోన్ వేళ ఒకటి అనుకోండి. ఆ వేళ వచ్చేదాకా ఆమె తిన్నదా అన్న సంగతి ఆమెది, వార్డెన్‌ది. పిల్లలు కూడా ‘అమ్మ నన్ను నమ్ముతోంది’ అన్నది గమనిస్తారు.

ఇది సరిపోనప్పుడు

గంటల కొద్దీ చెక్ చేయకుండా ఉండలేకపోతే, చేతులు కడగడమో తాళాలు చూడడమో రోజును మింగేస్తుంటే, వారాల తరబడి నిద్ర లేకపోతే, కూర్చోగానే గుండెదడతో భయం ముంచేస్తుంటే, ఈ విరామాలతో కాలం గడపకండి. ఇవి వైద్యంతో తగ్గే సమస్యలు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ గురించి అడగండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

అప్పులతోనో పంట పోయో ‘ఇంక నా వల్ల కాదు, పోతే పోయింది’ అనే మాట మనసులో తిరుగుతుంటే ఈ రోజే ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరి నోటి వెంటైనా అలాంటి మాట వింటే వాళ్లను ఒంటరిగా వదలకండి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసి వేరే చోట తాళం వేసి పెట్టండి. ఆ మందు తాగినట్టు ఏ కొంచెం అనుమానం ఉన్నా 108కి చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 14416కి చేయడానికి మొహమాటం అనిపిస్తే, నమ్మకమున్న చెల్లెనో, బామ్మర్దినో, సంఘంలో అక్కనో పక్కన కూర్చోబెట్టుకుని, నంబరు వాళ్లతోనే కలిపించుకోండి.